తలుపు వెనక కార్డు

మా ఎదుటి ఫ్లాట్ అంకుల్ పోయారన్న సంగతి నాకు ఆఫీసు బస్సులో తెలిసింది. గచ్చిబౌలి దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఎంతకీ కదలడం లేదు. అపార్ట్‌మెంట్ గ్రూపులో నీళ్ళ ట్యాంకర్ గురించి రోజూ జరిగే గొడవ మధ్యలో ఒక మెసేజ్ వచ్చింది, మూడో అంతస్తు పెద్దాయన పొద్దున ఆస్పత్రిలో కన్నుమూశారని. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. ఆ వెంటనే మళ్ళీ ట్యాంకర్ మొదలైంది. దిగి వెనక్కి పోదామంటే డ్రైవర్ తలుపు తియ్యలేదు. "ఈడ దిగొద్దు మేడం, చలాన్ పడ్తది" అన్నాడు. కూర్చున్నచోటే ఏడ్చాను. పక్క సీటు అమ్మాయి నా ఉద్యోగం పోయిందనుకుందో ఏమో, నీళ్ళ సీసా ఇచ్చింది.

ఆయనది కోస్తా. ఉద్యోగానికని హైదరాబాద్ వచ్చి, జీవితమంతా ఒక రక్షణ ల్యాబులో గడిపి, రిటైరయ్యాక మదీనాగూడలో మా ఎదుటి ఫ్లాట్ కొనుక్కున్నారు. మీద పడబోయే క్షిపణిని గాలిలోనే కూల్చే క్షిపణి ఉంటుంది చూడండి, ఆయన పని దాని మీద. అంతకు మించి ఒక్క ముక్క చెప్పేవారు కాదు. ఆంటీ నర్సుగా చేసి మానేశారు. ఆదివారం చర్చి, బుధవారం కూరగాయలు, ఇద్దరూ కలిసే వెళ్ళేవారు.

వాళ్ళు ఇల్లు కదిలారంటే అదొక తతంగం. వీధి తలుపు లోపలివైపు, దారానికి వేలాడుతూ జాబితా రాసిన ఒక అట్టముక్క ఉండేది. దాన్ని వాళ్ళు కార్డు అనేవారు. తలుపు వేసినప్పుడల్లా అది టక్కుమని కొట్టుకునేది. అంకుల్ దాన్ని పట్టుకుని గుమ్మంలో నిలబడి పైకి చదివేవారు. "గ్యాస్?" లోపల్నుంచి ఆంటీ నాబ్ తాకి చూసి, "కట్టాను." "గీజర్?" "తీసేశాను." "బాల్కనీ తలుపు?" "వేశాను." ఆఖరి వరస, "ఇద్దరం బయటే ఉన్నామా?" ఒకసారి బట్టలు తీస్తున్న ఆంటీని బాల్కనీలోనే వదిలి గొళ్ళెం పెట్టేసి, ఆవిడ ముందే కిందికి దిగిందనుకుని, చర్చికి సగం దూరం వెళ్ళాక గుర్తొచ్చి పరిగెత్తుకొచ్చారట. ఆ వరస అప్పుడు చేరింది. క్షిపణిని గాలిలో పట్టుకునే మనిషి పెళ్ళాన్ని బాల్కనీలో మర్చిపోయాడని ఆంటీ ఎన్నిసార్లు చెప్పినా ఆయనే ముందు నవ్వేవారు.

లిఫ్టు కోసం నిలబడి రోజూ ఈ పాఠం వినేదాన్ని. మొదట్లో నాకు చిరాకు. "అంకుల్, ఆ చదివేదేదో చదువుకుంట మీరే చూస్కుంటే అయిపోతది కదా" అన్నాను ఒకరోజు.

"అలా కుదరదమ్మా. చదివేవాడు చెయ్యకూడదు. చేసేవాడు చదవకూడదు" అన్నారు.

అది వాళ్ళ ల్యాబు పద్ధతి. ప్రయోగానికి ముందు ఒకరు జాబితా చదువుతారు, ఇంకొకరు ఆ వస్తువును చేత్తో తాకి బదులు చెప్తారు. ఒకసారి తోటి టెక్నీషియన్ భోజనానికి వెళ్తే, అంకుల్ ఆగలేక తనే చదువుకుని, తనే టిక్కులు పెట్టేసుకున్నారు. అతను తిరిగొచ్చి, "నేను వినలేదు సార్, మళ్ళీ చదవండి" అన్నాడట. ఈయన పెద్ద ఆఫీసరు, కోపమొచ్చి నాలుగు తిట్టారు. అతను కదల్లేదు. సరే అని మళ్ళీ చదివితే, క్షిపణి కంటి మీద తియ్యాల్సిన మూత ఇంకా అలాగే ఉంది. అలాగే వదిలితే గుడ్డిగా ఎగిరేది.

"నేను అబద్ధం ఆడలేదమ్మా. నిజంగానే తీశాను. కాకపోతే ముందురోజు, రిహార్సల్లో" అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు అన్నేళ్ళ తర్వాత కూడా ఆయన ముఖం కందిపోయింది.

పేపర్లో క్షిపణుల వార్త ఏది వచ్చినా కత్తిరించి దాచేవారు. అమెరికా, రష్యాల మధ్య మిగిలిన ఆఖరి అణ్వాయుధ ఒప్పందం గడువు కూడా తీరిపోయిందన్న వార్త వచ్చిన రోజు, చేతిలో కత్తెర ఉంది గానీ కత్తిరించలేదు. "ఇదివరకు వీళ్ళ లెక్క వాళ్ళు అడిగేవాళ్ళు, వాళ్ళది వీళ్ళు. వెళ్ళి కళ్ళతో చూసుకునేవాళ్ళు. ఇక ఎవరి జాబితా వాళ్ళే చదువుకుని, ఎవరి టిక్కు వాళ్ళే పెట్టుకుంటారు" అన్నారు.

"అందరు క్షిపణుల్ని ఆపే కవచాలు కట్టుకుంటున్నరు కదా అంకుల్, ఇంక ఫికర్ ఏంది?"

"నువ్వు కవచం కడితే ఎదుటివాడు చేతులు ముడుచుకుని కూర్చుంటాడా? కొట్టి తప్పించుకుందామనుకుంటున్నావని బాణాలు రెండింతలు చేస్తాడు. అది చూసి నువ్వు కవచం మందం చేస్తావు."

నాకు నోరు ఆగదు. "మరి మీరు చేసింది గూడ గదే కదా?" అన్నాను. ఆంటీ వంటింట్లోంచి తొంగి చూశారు.

"అదే" అన్నారు ఆయన. కత్తెర బల్ల మీద పెట్టి, "మంచి పనే అనుకుని చేశాను. ఇప్పటికీ సగం అలాగే అనుకుంటాను. మిగతా సగం అలసిపోయిందమ్మా" అన్నారు. నేనెందుకు అడిగానా అని ఇప్పటికీ బాధే.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆఫీసుకు ఒక విదేశీ ప్రాజెక్టు వచ్చింది. వివరాలు చెప్పకూడదు. క్షిపణి వస్తోందని హెచ్చరించే తెరకు సాఫ్ట్‌వేర్ అనుకోండి చాలు. పాత పద్ధతిలో ఒకరు హెచ్చరిక చదివితే, వేరే మనిషి సరిచూసి రెండో బటన్ నొక్కాలి. కొత్తదాంట్లో ఆ రెండో బటన్ తీసెయ్యాలి, కొన్ని సెకన్లు కలిసొస్తాయట. ఆ టీముకు లీడ్‌గా నా పేరు అనుకుంటున్నారు. ఎన్నో ఏళ్ళుగా ఎదురుచూసిన కుర్చీ అది. అంకుల్‌ని పైపైన అడిగాను, ఏం చెయ్యమంటారని. ఆయన ఔననలేదు, కాదనలేదు. "నన్నడక్కు. నాకు కార్డు చదవడమే వచ్చు" అన్నారు.

మర్నాడు మీటింగులో లేచి, రెండో బటన్ ఉండాల్సిందేనన్నాను. మేనేజర్ చాలా మర్యాదగా విన్నాడు. వారం తిరక్కుండా నన్ను చెప్పులమ్మే యాప్‌కి మార్చేశారు. ఏడుపుముఖంతో వెళ్ళి చెప్తే అంకుల్ నవ్వారు. "పోన్లేమ్మా. చెప్పు గుడ్డిగా ఎగిరొచ్చినా ఒక్కడికే తగుల్తుంది." ఆ నవ్వు అవ్వగానే, "ఇంతకీ ఆ బటన్ ఉంచారా?" అని అడిగారు. తెలియదన్నాను. ఆ తర్వాత లిఫ్టు దగ్గర కనబడ్డ ప్రతిసారీ అదే అడిగేవారు. కనుక్కుంటానని నేనూ ప్రతిసారీ అన్నాను.

కనుక్కునేసరికి ఆయన లేరు. సమాధి కార్యక్రమం అయిన మర్నాడు ఆ ప్రాజెక్టు టీములోని కుర్రాడు ఒకతను క్యాంటీన్‌లో కలిశాడు. "తీసేసిండ్రు అక్కా. ఇగ ఒక్కటే బటన్" అన్నాడు. ఆయనకు చెప్పాల్సిన అవసరం తప్పినందుకు ఒక్క క్షణం తేలిగ్గా అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ ఆదివారం ఆంటీ చర్చికి బయల్దేరారు. నేను తోడు వస్తానన్నాను. చేతిలో బైబిలు, భుజాన సంచీ. గుమ్మం దగ్గర అలవాటుగా ఆగి కార్డు వైపు చూశారు. ఎంతకీ కదలరు. ఆవిడ ఎప్పుడూ బదులు చెప్పిన మనిషే గానీ చదివిన మనిషి కాదు. చివరికి కళ్ళజోడు పెట్టుకుని, కార్డు చేతిలోకి తీసుకుని, సన్నగా చదివారు.

"గ్యాస్?"

లోపల్నుంచి ఏ జవాబూ రాలేదు. ఎలా వస్తుంది? చెప్పాల్సిన మనిషి గుమ్మంలో ఉంది. నేను చెప్పులు విడిచి వంటింట్లోకి వెళ్ళాను. నాబ్ తాకి చూశాను.

"కట్టి ఉంది ఆంటీ."

"గీజర్?"

"బంద్ ఉంది."

"బాల్కనీ తలుపు?"

గొళ్ళెం లాగి చూశాను. "వేసుంది."

బయటికొచ్చి చెప్పులు వేసుకున్నాను. ఆఖరి వరస దగ్గర ఆవిడ ఆగిపోయారు. చదవకపోయినా ఫరవాలేదని చెప్పబోయాను. కానీ చదివారు.

"ఇద్దరం బయటే ఉన్నామా?"

ఆవిడ నా వైపు చూడలేదు. కార్డు మీదే కళ్ళు పెట్టి, జవాబు కోసం ఆగారు.

"ఉన్నాం ఆంటీ" అన్నాను.

ఆవిడ తలుపు లాగి తాళం వేశారు. లోపల అట్టముక్క చెక్కకు టక్కుమని కొట్టుకుంది, ఇంకోసారి మెల్లగా కొట్టుకుని ఆగింది.