ఫ్యాన్ల మీటింగులో నేను పెట్టిన రూలు

మొన్న మా పంచాయతీ ఆఫీసు నుంచి నన్ను బయటికి పంపించేశారు. పంపించింది ఎవరనుకున్నారు? నేనే! టీ తాగుతూ వినండి. నవ్వు వస్తే నవ్వండి. నాకైతే ఇంకా రావడం లేదు.

ఆలూరు పక్కన మా ఊరు. విత్తనాల అంగడి నాది. చదివింది ఏడో తరగతి. అయినా వార్డు మెంబరునైన రోజు నుంచి ఒకటే పట్టుదల: ఎవరి చేతి కాఫీ తాగను, ఎవరి బండీ ఎక్కను. మా గుట్ట మీద గాలిమరలు పెడతామని ఒక కంపెనీ వచ్చింది. ఊళ్లో అందరూ వాటిని ఫ్యాన్లు అంటారు. వాటిని ఏ దారిలో తేవాలో చూసి ఒప్పుకోవడానికి ఒక కమిటీ వేశారు. అందులో నేనొకణ్ణి.

ఫకీరప్ప మా అంగడికి పాత గిరాకీ. ఉండేది చిన్న చెక్క పొలం, అందులో ఒక్క బోరు. కంపెనీ దారి సరిగ్గా ఆ బోరు మీదుగా గీశారు. పక్కనే బంజరు ఉంది, అటు తిప్పొచ్చు. కానీ సభలో ఫకీరప్పకు నోరు పెగలదు.

"శెట్టీ, నువ్వు ఉండావనే ధైర్యం. ఆ ఒక్క మాట నువ్వు చెప్పప్పా" అన్నాడు.

"నేనుండా కదా, పో" అన్నాను.

ఆ రోజే ఇంట్లో కట్టడి పెట్టాను. కమిటీ పని ముగిసేదాకా ఫ్యాన్ల మాట ఎత్తకూడదని. మా ఆవిడ రత్నమ్మ ఒకసారి నసిగింది.

"ఏమండీ, మా తమ్ముడు వచ్చినాడు. ఆ గుట్ట కాడ పొలం..."

"రత్నమ్మా! నేనేం చెప్పినా?"

"అది కాదండీ, నా సంతకం..."

"చాలు!"

పాపం, ఆ తర్వాత ఉక్కపోసినా "ఆ తిరిగేది వెయ్యండి" అనేది. తమ్ముడు తెచ్చిన బూందీ లడ్లు మాత్రం ప్లేటులో పెట్టింది. మాట వద్దన్నాను గానీ లడ్డు వద్దనలేదు కదా. తిన్నాను.

మీటింగుకు ఇంటి నుంచి ఫ్లాస్కులో టీ తీసుకుని పోయాను. కమిటీకి పెద్దగా కుర్చీలో ఉన్న ఆఫీసరు సారు బామ్మర్ది ఈ కంపెనీకే కంకర తోలుతున్నాడని నాకు తెలుసు. ఆయన్ను లేపాలని నా పంతం. మొదటి విషయమే ఫకీరప్ప బోరు మీది దారి. అయినా ఆగలేక చెయ్యెత్తాను.

"సార్, ముందు ఒక రూలు పెట్టుకుందాం! తనకు గానీ, తనవాళ్లకు గానీ ఈ కంపెనీతో లావాదేవీ ఉంటే లేచి బయటికి పోవాల. గడప కాడ నిలబడి కూడా నోరు తెరవకూడదు!"

చప్పట్లు! సారు మొహం మాడిపోయింది. కానీ ఊరంతా చూస్తోంది కదా, లేచి వెళ్లిపోయాడు. ఇంకో ఆఫీసరు కుర్చీలోకి వచ్చాడు. నేను కండువా సర్దుకున్నాను.

అప్పుడు వెనక బెంచీలో నా బామ్మర్ది లేచాడు. నన్ను చూసి గర్వంతో పొంగిపోతున్నాడు.

"శానా బాగా చెప్పినావు బావా! మా అక్కకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలంలో గూడా ఫ్యాను వస్తాండాది కదా. అక్క సంతకం గూడా పెట్టె. ఆ లడ్లు దానికే కదా!"

సభ గొల్లుమంది. అత్తగారిచ్చిన పొలంలో పండిన గింజ కూడా ముట్టకూడదని నా నియమం. అందుకే ఆ పొలం ఎక్కడుందో ఏనాడూ చూడలేదు. కొత్త ఆఫీసరు గొంతు సవరించుకుని "శెట్టిగారూ... రూలు..." అన్నాడు.

లేచాను. గడప దగ్గర ఆగి "ఫకీరప్ప బోరు..." అన్నానో లేదో, లోపలి నుంచి కేకలు: "గడప కాడ నోరు తెరవకూడదు శెట్టీ!"

ఫకీరప్ప నా వైపే చూస్తున్నాడు. ఆ చూపు ఇంకా నన్ను వదల్లేదు.

బయట షామియానా కింద ఆ సారు కంపెనీ టీ తాగుతున్నాడు. నాకూ ఒక కప్పు అందించబోయాడు. "తాగండి శెట్టిగారూ! ఇప్పుడు మనిద్దరం బయటోళ్లమే కదా!" నేను నా ఫ్లాస్కు తెరిచాను. చల్లారిపోయింది. ఇంతలో లోపల మళ్లీ చప్పట్లు. దారి ఒప్పేసుకున్నారు. బోరు మాట ఎత్తినవాడే లేడు.

రూలు తప్పు కాదు. ఇప్పటికీ అదే అంటాను. సారూ నేనూ బయట ఉండాల్సినవాళ్లమే. కానీ రత్నమ్మను ఆ ఒక్క మాట చెప్పనిచ్చి ఉంటే, ఫకీరప్ప సంగతి ఇంకో మెంబరుకు ముందే అప్పగించేవాణ్ణి. ఇంటికి పోయి ఆమెను "ఎందుకు చెప్పలేదు?" అని అడగబోయి నోరు మూసుకున్నాను.

ఆమె నా మొహం చూసి "ఇంకో లడ్డు ఉండాది. పెట్టేదా?" అంది.

మర్నాడు ఫకీరప్ప అంగడికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"ఆ రూలేదో నా బోరు సంగతి అయినంక పెట్టింటే శానా బాగుండు కదప్పా" అన్నాడు.

అలా చేయడమూ తప్పేనని చెప్పబోయి, స్టూలు జరిపి కూర్చోమన్నాను. దారికి ఇంకా మట్టి పోయలేదు. సోమవారం కర్నూలు పోయి కలెక్టరాఫీసులో అర్జీ ఇస్తానన్నాడు.

"నేనూ తోడొస్తా ఫకీరప్పా."

నా ఫ్లాస్కు వైపు చూశాడు.

"రాప్పా. కానీ ఈసారి మాట నేనే చెప్పుకుంటా. నువ్వు ఫ్లాస్కు పట్టుకో, సాలు."