నేను రాయని చెయ్యి

దయ్యాల నవలలు రాసేదాన్నని వరంగల్‌లోని మా మట్టెవాడలో నన్ను చూసి నవ్వేవాళ్లే గాని భయపడ్డవాళ్లు లేరు. పగలు బడిలో లెక్కలు చెప్పడం, సాయంత్రం వంటింట్లో పీట మీద కూర్చుని వారపత్రికకు సీరియల్ రాయడం నా పని. వాటిలో ఒకటి, చనిపోయాక కూడా వెనక గది విడిచిపోని అత్తగారి కథ. ఎనభైల నడుమ దాన్ని టీవీ వాళ్లు నాటకంగా తీశారు.

మా ఇంట్లో టీవీ లేదు. పక్కింటి కిరాణా షావుకారు ఇంట్లో ఉండేది. నాటకం వచ్చిన సాయంత్రం వాడకట్టంతా అక్కడే చేరింది. షావుకారు భార్య మా అమ్మ చెయ్యి పట్టుకుని, "కథ రాసిన పిల్ల తల్లివి, నువ్వు ముందట కూసో వదినె" అని చాప మీద కూర్చోబెట్టింది.

నాటకంలో ముసలామె చచ్చిపోయింది. కోడలు దీపం పట్టుకుని వెనక గది తలుపు తీసింది. మంచం మీద ముసలామె గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. అంతవరకు నేను రాసిందే. తర్వాత ఆమె వేలాడుతున్న తన ఎడమ చేతిని కుడిచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. పసిపిల్లను పడుకోబెట్టినట్టు మెల్లగా జోకొట్టడం మొదలుపెట్టింది.

అమ్మ లేచి నిలబడింది. "అత్తమ్మ!" అంది, తెరవైపే చూస్తూ.

మా నాయనమ్మకు చివరి రోజుల్లో పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. ఆ చేతిని అట్లాగే ఒళ్లో వేసుకుని, "పండు బిడ్డా, పండు" అని నిద్రపుచ్చేది. నేను డిగ్రీ చదివే రోజుల్లో పోయింది. ఆ సంగతి నేనెక్కడా రాయలేదు. ఆమెను దయ్యాన్ని చేయడం ఇష్టంలేక, నవలలో ముసలామెకు రెండు చేతులూ ఉక్కులాగా ఉన్నాయని రాశాను.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది. "గా చెయ్యి సంగతి గూడ చెప్పినవా వాళ్లకు?"

లేదన్నాను. నమ్మలేదు.

కొన్ని నెలలకు, ఆ ముసలామె వేషం వేసిన నటి ఒక నాటక బృందంతో హన్మకొండ వచ్చింది. వెతుక్కుంటూ వెళ్లాను. నాకంటే చిన్నది. చెయ్యి సంగతి అడిగితే నవ్వింది.

"అదా! ఎట్లా చెయ్యాలో తోచక కూర్చున్నానండీ. సెట్లో ఒక మూల స్టూలు మీద పెద్దావిడ ఎవరో తన చేతిని అట్లా జోకొట్టుకుంటోంది. చూసి అదే చేశాను. మీవాళ్లే కదా?"

"మావాళ్లెవరూ రాలేదే."

"'మా మనుమరాలి కథ, చూసిపోదామని వచ్చిన' అందండీ. అచ్చం మీ వరంగల్ మాటే. టీ తెప్పిస్తే ముట్టుకోలేదు. షాట్ అయ్యాక చూస్తే లేదు." నా ముఖం చూశాక ఆమె నవ్వడం మానేసింది.

అమ్మకు చెప్పకూడదనే బస్సెక్కాను. ఇంటికొచ్చేసరికి చాటలో బియ్యం ఏరుతోంది. మనసు పట్టలేక అంతా చెప్పేశాను. ఆమె చేతులు ఆగాయి. భయపడుతుందనుకున్నాను.

"అత్తమ్మ బక్కగైందటనా?" అంది.

"నేనడగలేదమ్మా."

"అడగొద్దా మరి!" అని కోప్పడి, మళ్లీ బియ్యంలోకి తల దించుకుంది.

ఆ ఏడాది కొత్త నవల నడవలేదు. అందులోనూ ఒక గది తలుపు తెరిచే చోటికి రాగానే చెయ్యి ఆగిపోయేది. లోపల ఎవరున్నారో నాకే తెలియదనిపించేది. సంపాదకుడు పోరితే డిటెక్టివ్ సీరియల్ ఒకటి రాసిచ్చాను.