ఈశాన్యం మూల మట్టికట్ట

2009లో నేను అమెరికాలో, అట్లాంటా దగ్గరి అల్ఫారెట్టాలో ఒక చిన్న ఇన్సూరెన్స్ ఏజెన్సీలో పనిచేసేదాన్ని. తెలుగువాళ్ల ఫోన్లన్నీ నాకే ఇచ్చేవారు. కారుకైనా ఇంటికైనా, సంభాషణ "ఇంకొంచెం తగ్గించండి అక్కా" దగ్గరే మొదలయ్యేది. మా పాపకి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. సగం నిద్రలోనే ఆఫీస్‌కి వెళ్లి వచ్చేదాన్ని.

ఆ ఏడాది సుధీర్ గారు, ఆయన భార్య పద్మజ కొత్త ఇల్లు కొన్నారు. పెరటికి ఈశాన్యం మూలన చిన్న వాగు ఉంది. "ఈశాన్యంలో నీళ్లు! వెతికినా దొరకదండీ ఇలాంటి ప్లాటు," అని ఆయన ఫోన్‌లో మురిసిపోయారు. నేను మాత్రం వాగు అన్న మాట దగ్గరే ఆగిపోయాను. మామూలు హోమ్ ఇన్సూరెన్స్ గాలికి పైకప్పు లేచిపోతే ఆదుకుంటుంది. బయట పొంగిన నీళ్లు ఇంట్లోకి వస్తే ఏమీ ఇవ్వదు. దానికి ఫ్లడ్ పాలసీ విడిగా తీసుకోవాలి. తీసుకున్నాక కూడా అది అమల్లోకి రావడానికి మామూలుగా ముప్ఫై రోజులు పడుతుంది.

"బ్యాంకే అడగలేదు. మీరెందుకండీ భయపెడతారు?" అన్నారాయన.

ప్రభుత్వ వరద మ్యాపులో ప్రమాదం ఎక్కువని చూపించిన ఇళ్లకే బ్యాంకు ఈ పాలసీ తప్పనిసరి చేస్తుంది. మిగతా ఇళ్లకి వరద రాదని ఎవరూ హామీ ఇవ్వలేదు. అదే చెప్పబోతుంటే పద్మజ ఫోన్ లాక్కుంది. ఆమె అప్పుడు కడుపుతో ఉంది. "ఈయనకి చెప్పి లాభం లేదు. పేపర్లు నాకు పంపించు అక్కా."

సెప్టెంబర్‌లో వానలు పట్టుకుని వదల్లేదు. వాగు పొంగి వాళ్ల బేస్‌మెంట్, అంటే నేల కింది అంతస్తు, మునిగింది. పాలసీ అప్పటికే అమల్లో ఉంది. కానీ ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్, వాటర్ హీటర్, కరెంటు ప్యానెల్ అన్నీ ఆ నీళ్లలోనే ఉన్నాయి. పొదుపంతా ఇంటికే పోయింది. చలికాలం ముందుంది, పద్మజకి నెలలు నిండుతున్నాయి. క్లెయిమ్ రాకపోతే పసిబిడ్డని చల్లటి ఇంట్లోకి తేవాలి.

నష్టాన్ని చూసి రాసుకోవడానికి అడ్జస్టర్ వచ్చే ముందు రోజు పద్మజ ఫోన్ చేసింది.

"అక్కా, వాగు పక్కన బిల్డర్ వేసిన మట్టికట్ట ఉండేది. ఈశాన్యం ఎత్తుగా ఉండకూడదని ఈయన తీయించేశారు. అది చెప్పాలా?"

నేను పాలసీ కాగితాలు తెరిచాను. స్థలంలో మనం చేసిన మార్పు వల్ల వరద ప్రమాదం బాగా పెరిగితే పరిహారం ఇవ్వరని పాలసీలో ఒక వాక్యం ఉంది.

సుధీర్ గారు ఫోన్ తీసుకున్నారు. "మట్టి సంగతి వదిలేయండి. వచ్చేవాడికేం తెలుస్తుంది?"

"అడిగితే నిజమే చెప్పండి. అబద్ధం బయటపడితే మొత్తం పోతుంది."

"మీరు మా వైపా, వాళ్ల వైపా?"

మర్నాడు నేనూ వెళ్లాను. అడ్జస్టర్ పెద్దాయన, బురద బూట్లతో పెరడంతా తిరిగి సరిగ్గా ఆ మూలనే ఆగాడు. "ఇక్కడ ఏమైనా ఉండేదా?"

సుధీర్ గారు నా మొహం చూశారు. నేను పద్మజ మొహం చూశాను.

"మట్టికట్ట ఉండేది. మేమే తీయించాం," అంది పద్మజ.

"ఎందుకు?"

"డ్రైనేజీ కోసం," అన్నారు సుధీర్ గారు.

"వాస్తు అని చెప్పడానికి సిగ్గెందుకు?" అని పద్మజ తెలుగులో కసిరి, అది దేవుడి మూల అని అడ్జస్టర్‌కి ఇంగ్లీషులో చెప్పింది. పెద్దాయన నవ్వలేదు. రాసుకున్నాడు. తర్వాత పక్కింటి పెరట్లోకి నడిచాడు. వాళ్ల కట్ట చెక్కుచెదరలేదు. అయినా వాళ్ల గోడ మీద బురద గీత కట్ట కన్నా చాలా పైన ఉంది. వాళ్ల బేస్‌మెంటూ మునిగింది.

"కట్ట ఉన్నా ఈ నీళ్లు ఆగేవి కావు. నేను అదే రాస్తాను. నిర్ణయం మాత్రం నాది కాదు," అన్నాడు.

ఇన్సూరెన్స్ వాళ్ల నిర్ణయం కోసం పద్మజ రోజూ ఫోన్ చేసేది. నా దగ్గర చెప్పడానికి కొత్తగా ఏమీ ఉండేది కాదు. చివరికి ఫర్నేస్‌కి, వాటర్ హీటర్‌కి, ప్యానెల్‌కి, బురద శుభ్రం చేయించడానికి పరిహారం వచ్చింది. కార్పెట్‌కి, సోఫాకి, హోమ్ థియేటర్‌కి రాలేదు. బేస్‌మెంట్‌లో ఇల్లు నడవడానికి కావలసిన వాటికే తప్ప సామాన్లకి ఇవ్వరు. సుధీర్ గారు నన్ను తిట్టిన తిట్లు ఆ సోఫా గురించే. పద్మజ ఆస్పత్రి నుంచి బాబుని తెచ్చేసరికి మాత్రం ఇల్లు వెచ్చగా ఉంది.

ఇప్పుడు ఇల్లు కొన్నామని ఎవరు ఫోన్ చేసినా ముందు అడిగేవి రెండే: బేస్‌మెంట్‌లో ఏముంది, పెరట్లో ఏ మూల మట్టి కదిలించారు? కొందరు నవ్వుతారు, కొందరు విసుక్కుంటారు. ఇది రాస్తున్నప్పుడు కూడా, అడగడం మర్చిపోయిన ఇళ్లే గుర్తొస్తున్నాయి.

మళ్లీ కట్ట వేయించమని సుధీర్ గారికి ఒకసారి చెప్పాను. "ఈశాన్యం బరువెక్కితే మగపిల్లాడికి మంచిది కాదండీ," అన్నారు. వెనక నుంచి పద్మజ, పాలసీ రెన్యూవల్ ఎప్పుడని అడిగింది. చెప్పాను. కట్ట గురించి ఆయనతో వాదించే ఓపిక నాకూ లేదు, పద్మజకీ లేదు.