మణి వంతు ఎలుగుబంటి అట్టు

సింహాద్రమ్మకి అట్టు వేయడం నేర్పుతానంటే తాతకు దగ్గులు నేర్పినట్టే. మొగుడు పోయిన ఏడాది మొదలు, నర్సీపట్నం బస్టాండు పక్కన టిఫిన్ బండి మీద ఆవిడ వేసిన అట్లు తిని బడికెళ్లిన పిల్లలు, వాళ్ల పిల్లల్ని వెంటబెట్టుకుని మళ్లీ అక్కడికే వచ్చారు. గరిటె తిప్పిందంటే అట్టు గుండ్రంగా రావలసిందే. వంకర పోయినదాన్ని తనే తినేది తప్ప బేరానికి పెట్టేది కాదు. మోకాళ్లు అరిగి బండి అమ్మేసినా పెనం మాత్రం అమ్మలేదు. ఇంట్లో ఎవరైనా దాన్ని ముట్టుకుంటే ఆవిడకి ఒళ్లు మండేది.

అలాంటి పెనం మీద కోడలు మణి ఎలుగుబంటిని వేసింది.

మణిది రోలుగుంట. జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు ఒలిచే పని. వారమంతా వేళ్లకి నల్లటి మరకలే. ఆదివారం సెలవు దొరికితే కాళ్లు చాపుకుని పడుకోవచ్చు కదా, లేదు. ఫోన్లో వీడియోలు చూసి, గోధుమపిండిలో బెల్లమూ అరటిపండూ కలిపి, ఖాళీ సాస్ సీసాలో పోసి, మూతకి చిన్న కన్నం పెట్టి, కూతురు లోవశ్రీ కోసం పెనం మీద బొమ్మలు గీసేది. కుందేలు, పిల్లి, ఎలుగుబంటి. పేన్ కేకు అంటారట వాటిని. ముందు కళ్లూ మూతీ గీసి, అవి ఎర్రబడ్డాక పైన మొహం పోసి, రెండు చెవులు పెట్టి తిరగేస్తే ఎలుగుబంటి నవ్వుతూ పైకి లేచేది. లోవ చప్పట్లు కొట్టేది.

"అట్టుకి సెవులేటే? పిచ్చి ముదిరింది, రోకలి తలకి సుట్టండి అన్నాట్ట ఎనకటికి ఎవుడో!" అని సింహాద్రమ్మ వేళాకోళమాడేది.

"ఊరుకో అత్తా, నువ్వూ తింతావు కదా!" అని నవ్వేసేది మణి.

తినేది మరి. మణి పెట్టిన పద్ధతి అది. ఆదివారం పొద్దున్న అందరూ కింద కూర్చోవాలి. నాలుగు కంచాల్లోనూ నాలుగు బొమ్మలు పడేదాకా ఎవరూ ముద్ద ముట్టకూడదు. మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే "తీపి సరిపోయిందా?" అని మణి ఒక్కొక్కరి మొహం చూసేది. సరుకుల వ్యాను తోలే కొడుకు వాసు కూడా ఆ పూట బేరం ఒప్పుకునేవాడు కాదు.

అలాంటి మణికి జ్వరం వచ్చింది. మాత్ర వేసుకుని పనికెళ్లింది, మళ్లీ వచ్చింది, మళ్లీ వెళ్లింది. చివరికి విశాఖ తీసుకెళ్తుంటే తాళ్లపాలెం దాటకుండానే ప్రాణం పోయింది. దేవుడికి కళ్లు లేవని ఊరికే అనలేదు పెద్దలు.

లోవ ఏడవలేదు. అసలు ఎవరితోనూ మాట్లాడలేదు. అన్నం కలిపి పెడితే రెండు మెతుకులు నమిలి నోరు మూసేసేది. పిల్లకి మెడ ఎముకలు తేలాయి. కోడలు పోయింది, దాని వెనక ఇది కూడా పోతుందేమోనని సింహాద్రమ్మకి భయం పట్టుకుంది. మైల రోజుల్లో వచ్చిన ఆదివారం పిల్ల నోరు విప్పి ఒక్కటే అడిగింది.

"మామ్మా, ఎలుగుబంటి ఎయ్యవా?"

"మైల ఇంట్లో పెనం పెట్టకూడదమ్మా. పెద్దదినం అయిపోనియ్. ఏస్తాను."

చావు ఇంట్లో పెనం చుయ్యిమనకూడదని ఆవిడ నమ్మకం. పుట్టి పెరిగిన ఊళ్లో అందరూ నమ్మిందే. పిల్ల తల ఊపి గోడ వైపు తిరిగి పడుకుంది.

పెద్దదినం నాడు డాబా మీద విస్తరి వేశారు. మణికి ఇష్టమని గారెలు పెట్టారు, చేపల పులుసు పెట్టారు, పనసతొనలు పెట్టారు. కాకి రాలేదు. అందరూ దూరంగా జరిగారు. రాలేదు. "నీ గుంటని, లోవని, కళ్లల్లో ఎట్టుకుని సూసుకుంతాం, రామ్మా" అని దండం పెట్టి వేడుకున్నారు. ఎదురు పిట్టగోడ మీద కాకులు వాలాయి గానీ ఒక్కటీ ఇటు తిరగలేదు.

మణి తల్లి అప్పలకొండమ్మ ముక్కు చీది, "వదినా, దాని మనసు ఆదివారం అట్టు మీద ఉన్నాదేమో" అంది.

సింహాద్రమ్మ మోకాళ్ల నొప్పి మరిచిపోయి మెట్లు దిగింది. పొయ్యి వెలిగించి పెనం పెట్టింది. చుయ్యిమన్న చప్పుడుకి లోవ లేచి వచ్చింది. ముసలావిడ ముందు మొహం పోయబోతుంటే సీసా పట్టుకుని ఆపింది.

"ముందు కళ్లు ఎయ్యాలి మామ్మా."

పిల్ల చెప్పినట్టే వేసింది. చెవి ఒకటి పెద్దదైంది, మూతి వంకర పోయింది, అయినా ఎలుగుబంటే. లోవ కంచం తెచ్చుకుని కింద కూర్చుంది. అది చూసి కూడా చూడని తొందరలో ఉంది సింహాద్రమ్మ. అట్టు పట్టుకుని డాబా ఎక్కేసింది. పిల్ల ఖాళీ కంచంతో వెనకే వచ్చింది.

విస్తట్లో అట్టు పడిందో లేదో కాకి వాలింది. ముందు ఒక కన్ను పొడిచింది. తర్వాత రెండోది. అప్పలకొండమ్మ బావురుమంది. అందరూ చేతులు జోడించారు.

"నాదేది?" అంది లోవ.

ఆ సంబరంలో, ఆ ఏడుపులో, సింహాద్రమ్మ పిల్లని దగ్గరికి లాక్కుని అనకూడని మాట అనేసింది. "మీ అమ్మ వచ్చి తినీసిందమ్మా. సూడు, ఆకలి మీద ఉన్నాది పాపం!"

మర్నాటి నుంచి లోవ కంచం ముందు కూర్చుని, కాకి కోసం పిట్టగోడ వైపు చూడడం మొదలుపెట్టింది. అమ్మకి పెట్టాలి, అమ్మ తినాలి, అప్పుడే తను తినాలి. తల్లి పెట్టిన పద్ధతే, తప్పు పట్టడానికేముంది? ఆదివారాలు ఎలుగుబంటి, మిగిలిన రోజులు అన్నం ముద్ద. కాకి ముట్టిన రోజు పిల్ల కడుపు నిండేది. ముట్టని రోజు పస్తే. "అది కాకే, అమ్మ కాదు" అని వాసు ఒకసారి అరిచాడు. "మామ్మ సెప్పింది కదా" అంది పిల్ల. వాసు తల్లి వైపు చూసిన చూపు ఆవిడ జన్మలో మరిచిపోదు.

శ్రావణంలో ముసురు పట్టింది. శుక్రవారం ఒక్క కాకి లేదు, శనివారమూ లేదు. ఆదివారం పొద్దుటికి పిల్ల పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నాలుగు అట్లు వేసి ఒకటి డాబా మీద పెట్టారు. మిగిలినవి కంచాల్లో చల్లారిపోతున్నాయి. వాసు బతిమాలాడు, కసిరాడు, చెయ్యెత్తాడు, ఎత్తిన చేత్తో తన మొహమే కప్పుకున్నాడు. లోవ కదల్లేదు.

సింహాద్రమ్మ గొడుగు వేసుకుని డాబా ఎక్కింది. "కావు, కావు" అని పిలిచింది. గొంతు బొంగురుపోయేదాకా పిలిచింది. రామ్మా మణీ అంది. పాడు కాకీ అని తిట్టింది. వాన తప్ప ఎవరూ పలకలేదు. పిట్టగోడ మీద ఎలుగుబంటి నానిపోతోంది.

అట్టు పారేసి, అమ్మ తినేసిందని పిల్లకి చెబుదామనుకుంది. మణి వంతు మురిక్కాలవలో పడెయ్యడానికి చెయ్యి రాలేదు. పోయినవాళ్ల వంతు బతికున్నవాళ్లు నోట పెట్టకూడదు. పెడితే పోయినవాళ్లు తమ వెంట తీసుకుపోతారని ఆవిడ తల్లి చిన్నప్పుడే చెప్పింది, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ భయమే. ఆ భయంతోనే ఎలుగుబంటి రెండు కళ్లూ గిల్లింది, నోట్లో పెట్టుకుంది.

కిందికి వచ్చి, కాకి పొడిచినట్టున్న అట్టుని పిల్లకి చూపించింది.

"అమ్మ వచ్చీసిందమ్మా. వాన కదా, బేగి ఎల్లిపోనాది. నువ్వు తిను."

లోవ ఆ కన్నాల వంక చాలాసేపు చూసింది. తర్వాత తన కంచంలో చెవి తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలి, మింగి, ఇంకో ముక్క తుంచింది. వాసు అటు తిరిగిపోయాడు.

"మామ్మా, తీపి సరిపోయిందందా అమ్మ?"

"సరిపోయిందమ్మా," అంది సింహాద్రమ్మ. అబద్ధం కాదు. ఆ రెండు కళ్ల తీపి ఇంకా ఆవిడ నాలుక మీదే ఉంది.