మా కారులో చుట్ట వాసన

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడూ లేదు, ఇది జరిగాకా లేదు. మా ఇంట్లో మిగతా అందరూ నమ్ముతారు, అది వాళ్ల ఇష్టం. నేను చెప్పేది విని ఎవరైనా "అదిగో, చూశావా" అంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

మాది మల్కాపురం. మా ఆయన పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాత కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్‌కి వారంలో రెండు మూడుసార్లు సీతమ్మధారలో ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆటో కుదుపులకు ఆయన అల్లాడిపోయేవారు. అందుకే ఓ పాత కారు కొన్నాం, యాభై దాటాక నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. ఆ కారు ఆగితే డయాలసిస్ ఆగినట్టే. దానికి చిన్న నలత చేసినా నాకు నిద్ర పట్టేది కాదు.

మొన్నటి వేసవిలో కారులో మాడు వాసన మొదలైంది. మల్కాపురం వాళ్లకి ఒక జబ్బుంది. ఏ వాసన వచ్చినా మా పక్కనే ఉన్న చమురు రిఫైనరీ మీదికి తోసేస్తాం. పొయ్యి మీద అన్నం మాడుతున్నా ముందు కిటికీ మూస్తాం. నేనూ అదే చేశాను, అద్దాలు ఎక్కించి తోలాను. సీతమ్మధార వెళ్లాక కూడా అదే వాసన. అక్కడ రిఫైనరీ ఎక్కడుంది? అప్పుడు గానీ అది మా కారుదేనని తట్టలేదు.

మెకానిక్ బానెట్ ఎత్తి వైర్లన్నీ చూశాడు. "ఏటీ కాల్లేదక్కా, బాగానే ఉంది" అన్నాడు. ఇంటికొచ్చాక మా మరిది అప్పలరాజు కారులోకి తల పెట్టి వాసన పీల్చాడు. మొహం పాలిపోయి బయటికొచ్చాడు.

"వొదినా, ఇది మా యమ్మ సుట్ట వాసనే. ఈ కారు అమ్మీయి."

మా అత్త చేపలమ్మేది. మా వైపు పెద్దాళ్లలాగే అడ్డపొగ తాగేది. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకోవడం. బయటికి నిప్పు కనపడదు గానీ వాసన వీధి చివరిదాకా కొడుతుంది. మేం కారు కొనకముందే ఆవిడ పోయింది. ఆవిడకీ నాకూ ఒక్కరోజూ పడలేదు. నేను స్కూటర్ నేర్చుకుంటే "దీని బండి నానెక్కను" అని గంప నెత్తిన పెట్టుకుని నడిచిపోయేది.

"బతికున్నప్పుడు నా స్కూటరెక్కని మనిషి, సచ్చాక నా కారెక్కుతాదేటి?" అన్నాను. అప్పలరాజు వింటేగా! మర్నాడు బంపర్‌కి నిమ్మకాయ, మిరపకాయలు కట్టి పోయాడు. కత్తెరతో కోసి పారేశాను.

తర్వాతిసారి ఆసుపత్రి ముందు కారు ఆపగానే నీళ్ల సీసా తీసుకుని దిగాను. దోసెల పెనం కాలిందో లేదో చూసినట్టు ఒక్కో చక్రం మీద నీళ్లు చల్లాను. మిగతావాటి మీద నీళ్లు జారిపోయాయి, వెనక ఎడమ చక్రం చుయ్యిమంది. మెకానిక్ దాన్ని విప్పాడు. "ఉప్పు గాలక్కా, హ్యాండ్‌బ్రేకు కేబులు తుప్పట్టీసింది. మీరు దించినా అది దిగట్లేదు" అన్నాడు. బ్రేకు చక్రాన్ని పట్టుకునే ఉండి మాడుతోందన్నమాట. కేబులు మార్చగానే వాసన పోయింది. అప్పలరాజుని పనిగట్టుకుని పిలిచి, కారులో కూర్చోబెట్టి, "ఏదీ మీ యమ్మ?" అని అడిగాను. పాపం, తల గోక్కున్నాడు.

అక్కడితో అయిపోతే నేనిది రాసేదాన్నే కాదు.

కొన్నాళ్లకి ఓ మధ్యాహ్నం డయాలసిస్ అయ్యాక తిరిగొస్తున్నాం. ఆయనకి ఆ తర్వాత చలి వేస్తుంది, ఎప్పటిలాగే వెనక సీట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నారు. పోర్టు రోడ్డులో ఉండగా గుప్పుమని చుట్ట వాసన. బ్రేకు మాడిన వాసన కాదు, రెండూ నా ముక్కుకి బాగా తెలుసు. అద్దాలన్నీ ఎక్కించే ఉన్నాయి. ఇల్లు దగ్గరే కదా, వెళ్లిపోదామనుకున్నాను. వాసన ఎక్కువై కళ్లు మండాయి. ఒళ్లు మండిపోయి బండి పక్కకి తీసి ఆపాను.

నాలుగు చక్రాల మీదా నీళ్లు చల్లాను. ఒక్కటీ చుయ్యనలేదు. బానెట్ ఎత్తాను, ఏమీ లేదు. సీటు కింద ఏదైనా కాలుతోందేమోనని వెనక తలుపు తీశాను.

కింద మ్యాట్ మీద రక్తం. దుప్పటి లాగితే, సూదులు గుచ్చిన చెయ్యంతా తడిసిపోయి ఉంది. కట్టు జారిపోయి రక్తం కారిపోతోంది. పిలిస్తే పలకలేదు. చీర కొంగు మడిచి, బలమంతా పెట్టి అదిమి పట్టుకుని అరిచాను. ఒక లారీ డ్రైవరు బండి ఆపి పరుగెత్తుకొచ్చాడు.

"పిన్నీ, నువ్వు సెయ్యొదలకు, నాను తోల్తాను" అని మా కారు తనే ఆసుపత్రికి తోలాడు.

ఇంటిదాకా పోయుంటే మనిషి దక్కేవాడు కాదన్నారు డాక్టరు. ఆ మాటకి అక్కడే కూలబడి ఏడ్చాను.

ఆయన బతికారు. మెకానిక్ కారంతా విప్పి చూశాడు, ఏమీ దొరకలేదు. లారీ డ్రైవరునీ అడిగాను, అతనికి ఏ చుట్ట వాసనా రాలేదట. రక్తం వాసనే నాకలా అనిపించిందేమోనని సర్దిచెప్పుకుని చూశాను. చేపలు కోసే ఇంట్లో కాపురం చేసినదాన్ని, రక్తం వాసన నాకు తెలియదా?

అప్పలరాజు వచ్చి కారులో మ్యాట్ కడిగి ఆరేసి పోయాడు. "అదిగో, చూశావా" అంటే దెబ్బలాడేదాన్ని, కానీ ఏం చెప్పి దెబ్బలాడాలో నాకే తెలియదు.

కారు అమ్మలేదు. నిమ్మకాయలు కట్టలేదు. మా అత్త వచ్చిందంటే ఒప్పుకోను గాక ఒప్పుకోను. ఆ వాసన మళ్లీ రాలేదు. వస్తే మాత్రం బండి ఆపుతాను. చక్రాల జోలికి పోను, మొదట వెనక తలుపే తీస్తాను.