బారన్ గారి గుర్రం

ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్ మొత్తంలో తప్పులు దిద్దే బాధ్యత తనదేనని సదాశివం అంకుల్ నమ్మకం. సర్జన్‌గా రిటైరయ్యాక కత్తి పక్కన పెట్టారు గానీ, కోయడం మానలేదు. కౌన్సిల్ ఉత్తరం, టేకవే మెనూ, దేన్నీ వదలరు.

ఊరి చివరి విమానాల మ్యూజియంలో మొదటి ప్రపంచయుద్ధపు జర్మన్ పైలట్ ఒకాయన పటం ఉంది. పేరు బారన్ ఫాన్ ఎల్డర్న్, జమీందారు బిడ్డ. కింద ‘పదిహేడు విజయాలు’ అని చూసి అంకుల్ అగ్గిమీద గుగ్గిలమయ్యారు.

“విజయాలేంటి, క్రికెట్ ఆడాడా? పదిహేడు విమానాలు కూల్చాడని రాయడానికి చేతులు రాలేదా?”

బోర్డు మార్చారు. వారానికే మళ్లీ ప్రత్యక్షం.

“బారన్ గుర్రం మీంచి పడింది ఏడో ఏట. ఆరో ఏటని రాశారు. పసివాడి బాల్యంలో ఏడాది కాజేస్తారా?”

అదీ మార్చారు.

వారాంతాల్లో అక్కడ టికెట్లు చూసే రిషితకు ఈయన్ని చూస్తే ఒళ్లుమంట. సాహిత్యంలో ఎమ్మే చేస్తోంది. పుస్తకమైతే నమిలేస్తుంది, నలుగురి ముందు నోరు పెగలదు. శనివారం మేనేజర్ హెలెన్ ఎదుట బారన్ కథ చెప్పి మెప్పిస్తే గైడ్ ఉద్యోగం ఆమెది.

“అంకుల్, ఈ శనివారం ఒక్కటీ రాకండి, ప్లీజ్.”

“టికెట్ కొనేవాణ్ణి రావద్దంటావా? కంప్లైంట్ రాస్తాను.”

వచ్చారు. ముందు వరుసలోనే కూర్చున్నారు.

రిషిత బారన్ పుట్టిన కోట గురించి చెప్పింది, తండ్రి గురించి చెప్పింది. గుర్రం దగ్గరికొచ్చేసరికి చెప్పిన వాక్యాన్నే మళ్లీ మళ్లీ చెప్పసాగింది. హెలెన్ గడియారం చూసుకుంది.

అంకుల్ లేచారు. “అంతా అబద్ధం. బారన్ జన్మలో గుర్రం మీంచి పడలేదు.”

రిషితకు తిక్కరేగింది. “పడ్డాడండీ. ఏడో ఏట, మూడుసార్లు. గుర్రం అచ్చిరాకే అశ్వికదళం వదిలి విమానమెక్కాడు.”

“ఎవరు చెప్పారు నీకు?”

“చెల్లెలికి ఆయన రాసిన ఉత్తరాలున్నాయి. కూర్చోండి, మిగతాదీ చెబుతాను.”

చెప్పింది. మొదటి విమానాన్ని కూల్చి రెండు రోజులు తిండి ముట్టలేదని, ఇరవై నాలుగేళ్లకే తనూ కూలిపోయాడని చెప్పింది. ఆ పదిహేడు విమానాల్లో చనిపోయినవాళ్ల పేర్లు కూడా వరసగా చదివింది. హాలంతా చప్పట్లు.

తర్వాత గుర్తొచ్చింది, ఏడో ఏడు కోసం పోట్లాడిన మనిషి ఈయనే.

“అంకుల్, గుర్రం సంగతి మీకు తెలుసు కదా?”

“వయసైందమ్మా, మరిచిపోయాను. ఇది హెలెన్‌కివ్వు. కంప్లైంట్.”

అంటించని కవరు. రిషిత తెరిచింది.

‘మీ రిషిత పెద్దవాణ్ణని కూడా చూడకుండా నా తప్పు దిద్ది కూర్చోబెట్టింది. ఈ అమ్మాయిని వెంటనే గైడ్‌గా తీసుకోకపోతే మళ్లీ రాస్తాను.’

పైన తేదీ శుక్రవారానిది.

అంకుల్ రాతలో తప్పు దొరకడం అదే మొదలు. రిషిత దిద్దలేదు.