శాలువా కప్పిన రోజు అమ్మ అన్న మాట

తొంభైల్లో, సూరత్‌లో నేను డిగ్రీ పూర్తిచేసిన ఏడాది సంగతి. మాది ఆ ఊళ్లోనే గోడాదరా అనే పేటలో మరమగ్గాల మీద బతికే తెలుగు కుటుంబం. ఎదురింటి లలితా నేనూ ఒకే కాలేజీ. ఆఫ్రికాలో మూడేళ్లుండి, జీతం తీసుకోకుండా బడిపిల్లలకు చదువు చెప్పడానికి ఒక సేవాసంస్థ నుంచి ఇద్దరికీ పిలుపొచ్చింది. నేను ఎటూ తేల్చుకోకముందే లలిత సరేనంది.

ఆ ఆదివారం మా గల్లీవాళ్లంతా హాల్లో చేరి దానికి శాలువా కప్పారు. మార్కులెప్పుడూ నాకే ఎక్కువ, శాలువా మాత్రం దానికి! నా కడుపు మండిపోయింది. లేచి నిలబడి, "నేను గూడ పోతున్న!" అని అరిచాను. అందరూ చప్పట్లు కొట్టారు.

మగ్గాల మోతలో మాట వినబడదు కాబట్టి మావాళ్లు పెదవుల కదలిక చూసే మాట్లాడుకుంటారు. ఆ అలవాటు కొద్దీ అమ్మ, అవతలి గోడ దగ్గరున్న నాన్నకు చప్పుడు లేకుండా పెదవులతో చెప్పింది.

"సేవ లేదు, గీవ లేదు. లలితకు శాలువ కప్పిన్రని కడుపుమంట. జర ఆగు, పొద్దుగాలకు అదే సల్లబడుతది."

గుట్టుగా చెప్పాననే అనుకుంది అమ్మ. కానీ హాల్లో ఉన్నవాళ్లంతా మగ్గాలవాళ్లే! చప్పట్లు ఆగిపోయాయి. మరుక్షణం అందరూ గొల్లున నవ్వారు. లలితయితే శాలువాలో మొహం దాచుకుని మరీ నవ్వింది.

మర్నాడు నేను రానని చెప్పేశాను. మూడేళ్లు అక్కడ ఉండాలంటే కడుపుమంట ఒక్కటే చాలదు. ఇప్పటికీ ఎవరైనా లలితను పొగిడితే నాకు మండుతుంది. అప్పుడు మాత్రం అమ్మ పెదవుల వైపు చూడను.